మెట్ల దగ్గర కాపలా

హుసేన్ వలి కాలువను కట్టుకున్నాడని, తనను ఊరికే ఇంట్లో పెట్టుకున్నాడని భార్య మదార్ బీ వీధిలో అందరి ముందూ అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. ఎర్రగుంట్లకు ఆవల, నాపరాళ్ళ గనుల మధ్యనుంచి పోయే ఆ కాలువకు ఆయన లస్కరు. నీళ్ళు వదిలిన రోజుల్లో గట్టు వెంట తిరగడం, గండి పడకుండా చూడడం, తూము షట్టరు ఎత్తడం, దించడం ఆయన పని. ఆయన తండ్రి పనీ అదే. తండ్రి నుంచి ఆయనకు దక్కినవి ఒక మాసిన గొడుగు, మోకాళ్ళ నొప్పి, ఆ కాలువ మీద పిచ్చి ప్రేమ. అన్నదమ్ములు వాటిలో వాటా అడగలేదు.

ఊరి దగ్గర కాలువలోకి దిగడానికి బండల మెట్లున్నాయి. ఎవరు కట్టించారో ఎవరికీ తెలియదు గానీ ప్రతివాడూ తన తాతే కట్టించినట్టు మాట్లాడతాడు. పీర్ల పండుగ ముగిశాక పీర్లను అక్కడికే తెచ్చి కడుగుతారు. చర్చివాళ్ళు ముంచి ఇచ్చే బాప్తిస్మాలు అక్కడే ఇస్తారు. అలాంటి రోజుల్లో లస్కరు చేసే పని ఒకటుంది. పైనున్న షట్టరును అరగంట సేపు దించుతాడు. మెట్ల దగ్గర రొమ్ముల లోతు నీళ్ళు నడుముకు దిగిపోతాయి, వడి తగ్గిపోతుంది. పని ముగియగానే గట్టు మీద నుంచి ఎవరో ఒకరు తువ్వాలు ఊపుతారు, ఆయన మళ్ళీ షట్టరు ఎత్తుతాడు. ఇది ఏ ఆర్డరులోనూ లేదు. తండ్రి చేశాడు, కొడుకు చేస్తున్నాడు, కింది రైతులు ఆ అరగంట నీళ్ళ గురించి ఏనాడూ పేచీ పెట్టలేదు.

ఇదంతా పోయిన ఏటి వానాకాలం దాకా సాగిన మాట.

అక్బర్ మదార్ బీ తమ్ముడి కొడుకు. చదువు ముగిసి ఉద్యోగం వచ్చిన సంబరంలో స్నేహితులను వెంటేసుకుని వచ్చాడు. ఈత కొడతామన్నాడు. నీళ్ళు వడిగా ఉన్నాయి, వద్దురా అన్నాడు హుసేన్ వలి.

"ఈత రానోన్నా మామా? దిగేది నేను, భయమేమో నీకా?" అని నవ్వాడు అక్బర్.

నిజమే కదా అనుకున్నాడు హుసేన్ వలి. పెళ్ళీడుకొచ్చిన మగవాణ్ణి రెక్క పట్టుకుని ఇంటికి లాక్కుపోతే ఏం బాగుంటుంది? పీర్లకైతే షట్టరు దించుతారు గానీ కుర్రాళ్ళ సరదాకు ఎవరు దించుతారు? సరే అన్నాడు గానీ ఆయనా దించలేదు. కిందున్న డ్రాపు దగ్గర, నీళ్ళు ఎత్తునుంచి పడి సుడి తిరిగే చోట, అక్బర్ శవమై దొరికాడు. స్నేహితులు ముగ్గురూ గట్టు మీద తడిగుడ్డలతో వణుకుతూ కూర్చున్నారు.

తర్వాత ఆర్డరు వచ్చింది. ఏ కార్యానికైనా సరే కాలువలో ఎవరూ దిగరాదు, సేద్యానికి తప్ప షట్టరు కదిలించరాదు, ఏం జరిగినా ఆ పరిధిలోని లస్కరుదే పూచీ. మెట్లకు అడ్డంగా ఇనుప కంచె వేసి, ఎర్రక్షరాల బోర్డు నాటారు. ఊళ్ళో జనం సణిగారు. మనవాళ్ళు హెల్మెట్టు పెట్టుకోమన్నా సణుగుతారు, కరెంటు తీగ ముట్టుకోవద్దన్నా సణుగుతారు. హుసేన్ వలి మాత్రం ఆ బోర్డును ప్రాణంగా చూసుకున్నాడు. అక్షరాల మీద దుమ్ము పడితే తన తువ్వాలుతో తుడిచేవాడు. ఆ బోర్డు ఒక్క ఏడాది ముందు వచ్చి ఉంటే, తాను అక్బర్‌తో వాదించే పనే లేకుండా, బోర్డు చూపించి పంపేసేవాడు. మదార్ బీ తమ్ముడు ఆనాటి నుంచీ వీళ్ళ ముఖం చూడలేదు. ఆమె పుట్టింటి గడప తొక్కలేదు.

ఈ ఏడు నీళ్ళు వదిలిన కొన్నాళ్ళకు కృపమణి వచ్చింది.

కృపమణి నాపరాళ్ళ గనిలో బండలు మోసిన మనిషి. ఆమె భర్త లేవి అదే గనిలో బండలు కొట్టి, దుమ్ముకు ఊపిరితిత్తులు గట్టిపడి, రెండేళ్ళు మంచంలో ఎగపోసి పోయాడు. పెళ్ళినాడు ఆమె తరఫున అన్నదమ్ములెవరూ లేరని హుసేన్ వలిని నిలబెట్టారు. ఆ ఒక్కపూట అన్నరికం ఆయన దింపుకోలేదు. ఆమె కొడుకు జయకుమార్ ఆయన్ను మామా అనే పిలుస్తాడు. రంజానుకు ఆమె ఇంటికి సేమియా పోతుంది, క్రిస్మస్‌కు వీళ్ళింటికి అరిసెలొస్తాయి.

"వలన్నా, వచ్చే ఆదివారం ఒగ అరగంట షట్టరు దించల్ల," అంది ఆమె, గట్టు మీద కూర్చుని ఊపిరి సర్దుకున్నాక.

"యాలమ్మా?"

"నేను మునగల్ల."

"నీకు చిన్నప్పుడే అయింది గదా బాప్తిస్మం?"

"నొసట నాలుగు చుక్కలు సల్లినారంట. నేను ఏడస్తా ఉంటినంట. అది మా నాయన ఇష్టం. ఇది నా అంతట నేను అడిగి చేసుకుంటాండేది. మీ బావ గూడా సావబోయే ముందు ఇదే అడిగినాడు. మంచం దిగల్యాకపాయ. ఆయప్ప ఆశ గూడా నేనే తీర్చల్ల."

హుసేన్ వలి బోర్డు వైపు చూశాడు. "ప్రొద్దుటూరు చర్చిలో సిమెంటు తొట్టి ఉండాదంట. ఆడ మునుగు. నేను ఆటో మాట్లాడిస్తా."

"మా యమ్మ ఈడ మునిగింది. మా యవ్వ ఈడ మునిగింది. గట్టు మీద మనోళ్ళంతా నిలబడి పాడిరి. నేను ఊరు గాని ఊర్లో పొయ్యి తొట్లో మునగల్నా?"

"నీకు దమ్ము రోగముండాది. రెండు మెట్లెక్కితే కూలబడతావు. నీళ్ళల్లో ఏమన్నా అయితే?"

"అయితే అవుతాది. పానం నాది గదన్నా."

"పానం నీదే. కాలవ గవర్మెంటుది."

కృపమణి కోపగించుకునే మనిషి కాదు. ఆ మాటకు మాత్రం ఆమె గొంతు మారింది.

"ముప్పై ఏండ్లు మీ బావా, నేనూ ఆ దుమ్ము మింగితిమి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి అని ఒగరన్నా బోర్డు పెట్టినారా? ఆ పొద్దంతా మా పానం మాదే. ఎవురికీ పట్టల్యా. ఈ పొద్దు నేను అరగంట నీళ్ళల్లో నిలబడతానంటే నా పానం మీద అందురికీ ప్రేమ పుట్టుకొచ్చెనా?"

 హుసేన్ వలి అనవలసిన మాటే అన్నాడు.

"అక్బర్ గూడా అట్లే అనె కృపమ్మా. దిగేది నేను గదా అనె. నేను సరే అంటి."

ఆమె లేచి, చీర కుచ్చిళ్ళ దుమ్ము దులుపుకుని, ఆయన భుజం మీద చెయ్యి ఒకసారి ఉంచి తీసి, వెళ్ళిపోయింది. అడ్డు చెప్పినందుకు ఏడ్చి పోయి ఉంటే ఆయనకు ఆ పూట అన్నం సహించేది. ఆమె అలా చెయ్యేసి పోయింది.

అందుకే కాలువ ఇంజనీరు ఏఈ సారుకు ఫోన్ చేశాడు. ఆయన మంచివాడే, చిన్నవయసు, రిటైరయ్యేదాకా మచ్చ లేకుండా బతకాలని ఇప్పటినుంచే జాగ్రత్తపడుతున్నాడు. "అరగంట షట్టరు దించితే ఏమవుతుంది సార్, నేనే దగ్గరుండి చూసుకుంటా," అన్నాడు హుసేన్ వలి. "నన్నెందుకు అడుగుతున్నావు వలీ? అడిగినాక నేను వద్దనే చెప్పాలి కదా," అన్నాడు సారు. ఆ మాటలో అడక్కుండా చేసుకో అనే సందు ఒకటి ఉన్నట్టే ఉంది, తలకాయ పోతే నీదే పోతుంది అనే అర్థమూ ఉన్నట్టే ఉంది. హుసేన్ వలి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఇంట్లో మదార్ బీ రొట్టెలు తడుతూ అంతా విన్నది. మేనల్లుణ్ణి పోగొట్టుకున్న మనిషి కదా, తన వైపే మాట్లాడుతుందని ఆయన ధీమా.

"దించుపో," అంది ఆమె. "ఆయమ్మ ఏమన్నా పసిబిడ్డనా?"

"అక్బర్ పసిబిడ్డనా?"

మదార్ బీ చేతిలోని పిండిముద్దను పళ్ళెంలో పెట్టేసింది. "వానికి నువ్వు షట్టరు దించల్యా. ఈమెకు దించు. అంతే తేడా."

ఎంత సులువుగా చెప్పేసింది అనుకున్నాడాయన. రేపు ఆమెకు నీళ్ళల్లో గుండె ఆగిపోతే, ఈ ఊళ్ళో ఇంకొక ఇల్లు తన వల్ల తలుపు మూసుకుంటుంది. ఒకసారి సరే అన్న నోరు మళ్ళీ సరే అనడానికి రాలేదు. మరునాడు చర్చి పాస్టరు వసంతకుమార్, జయకుమార్ కలిసి వచ్చి అడిగారు. ఆయన బోర్డు చూపించాడు. ఎంత సుఖంగా ఉంటుందో అనుకున్న పని అది. వాళ్ళు బోర్డు చదువుకుని, సరే మామా అని తలొంచుకుని వెళ్ళారు. ఆయనకు ఏ సుఖమూ కలగలేదు.

ఆదివారం తెల్లారకముందే హుసేన్ వలి మెట్ల దగ్గర గొడుగు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. దొంగచాటుగా వస్తారేమోనని ఆయన అనుమానం. కంచె దాటి దిగితే తాను చేయి పట్టుకుని లాగాలి, కృపమణి చేతిని లాగాలి. చర్చి గంట వినిపించింది. పాటలు వినిపించాయి. పాటలు ఆగిపోయాయి. ఎండ నెత్తికెక్కింది. కంచె దగ్గరికి ఒక్క మనిషీ రాలేదు.

ఇక రారు అని రూఢి అయ్యాక, చాలా నెలల తర్వాత ఆయన మనసు తేలికపడింది. బీడీ ముట్టించుకున్నాడు. చెప్పిన మాట విన్నది మహాతల్లి, సాయంత్రం పోయి నాలుగు మంచి మాటలు చెప్పి, వచ్చే వారం తానే దగ్గరుండి ప్రొద్దుటూరు తీసుకుపోతే సరిపోతుంది అనుకున్నాడు. తొట్టి చుట్టూ నిలబడి పాడమని ఆటోలో పదిమందిని కుక్కుకుని పోతే ఎవరు కాదంటారు? ఆ ఏర్పాట్లన్నీ మనసులో చేసుకుంటూ ఉండగా గట్టు మీద నాగక్క కనిపించింది. కృపమణితో బండలు మోసిన మనిషి, నడివయసు దాటింది, చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకుని వస్తోంది.

"గుంతలో పడిందన్నా," అంది. "కృపమ్మ గుంతలో పడింది."

ఏ గుంత అని అడగనక్కరలేకపోయింది.

ఊరికి వెనుక మూతపడిన నాపరాళ్ళ గని అది. లేవి పనిచేసిన గని. వదిలేశాక వాననీళ్ళు నిండి చెరువంత గుంత అయింది. పాస్టరు వద్దన్నాడట, నిలవనీళ్ళు, లోతు తెలియదు అన్నాడట. కృపమణే ఒప్పించింది. ఆ గుంతలో తనకు తెలియని చోటు లేదంది. నాపరాళ్ళను వరసలు వరసలుగా తీస్తారు కాబట్టి గనిలో ఒక పక్క ఎప్పుడూ మెట్లలాగా మిగులుతుంది, కూలీలు బండలు ఎత్తుకుని ఎక్కేది దాని మీదుగానే. ఆ వరసల మీద ఆమె ముప్పై ఏళ్ళు ఎక్కింది, దిగింది. కడుపుతో ఉండి ఎక్కింది. కళ్ళు మూసుకుని దిగగలనంది. కాలువ మెట్లకన్నా ఇవే మేలు, ఇవి మా ఆయప్ప కొట్టిన మెట్లు అని నాగక్కతో నవ్వుతూ అందట.

ఆమెకు తెలియని సంగతి ఒక్కటే. లేవి మంచం పట్టి ఆమె పని మానేశాక, గని మూసేముందు యజమాని కూలీలందరినీ మాన్పించి, బయటినుంచి కోతమిషను తెప్పించి, ఆ మెట్లలా మిగిలిన పక్కను కూడా పై రెండు వరసలు వదిలి నిలువునా కోయించుకున్నాడు. మంచి బండ, ఎందుకు వదలాలి? తర్వాత నీళ్ళు నిండి అదంతా కప్పేశాయి. పైనుంచి చూస్తే మెట్లు మెట్లుగానే కనిపిస్తాయి.

తెల్లచీరతో ఆమె ముందు దిగింది, పాస్టరు చెయ్యి పట్టుకుని. మొదటి వరస మోకాళ్ళ లోతు. రెండోది నడుము లోతు. నీళ్ళు సరిపోలేదని, ఇంకొక్క మెట్టు దిగుదాం అయ్యా, నాకు తెల్సు అంది. ఆ మూడో మెట్టు లేదు. ఇద్దరూ ఒకేసారి లోతులోకి జారిపోయారు. గట్టు మీద పాడుతున్నవాళ్ళలో ఈత వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. ఈ ఎండిన సీమలో నేర్చుకోవడానికి నీళ్ళెక్కడ, తీరికెక్కడ? చీరలు ముడివేసి విసిరితే పాస్టరు చేతికి కొస అందింది. ఆమె చేతికి అందలేదు.

హుసేన్ వలి వెళ్ళేసరికి ఆమెను పైకి తీసి బండ మీద పడుకోబెట్టారు. జయకుమార్ తల్లి తల దగ్గర కూర్చుని ఆమె ముఖం మీద అంటిన పాచిని వేలితో తీస్తున్నాడు. పాస్టరు వసంతకుమార్ ఒక పక్కన మింగిన నీళ్ళు కక్కుకుంటున్నాడు. అప్పటికే వీఆర్వో వచ్చి, ఇక్కడ కూడా ప్రవేశం లేదని బోర్డు పెట్టించాలి, ఇన్నాళ్ళు ఎందుకు పెట్టలేదో అని గనుల వాళ్ళను తిడుతున్నాడు.

"పెట్టండి సామీ," అంది నాగక్క. "అన్ని చోట్లా వద్దని పెట్టండి. యాడ మునగల్లనో గూడా ఒగ బోర్డు పెట్టండి, ఆడికే పోతాం."

వీఆర్వో విననట్టు ఫోన్ చూసుకున్నాడు. హుసేన్ వలి విన్నాడు. నడుము లోతు నీళ్ళు, అరిగిపోయిన గట్టి మెట్లు, వడి చచ్చిన కాలువ, పక్కన తాను. ఒక్క అరగంట. తన చేతిలో ఉన్న ఆ అరగంటను తాను ఇవ్వలేదు. వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర బండ మీద కూర్చున్నాడు.

పోస్టుమార్టం ముగిసి మరునాడు మధ్యాహ్నానికి శవం ఇల్లు చేరింది. సమాధుల దొడ్డిలో లేవి పక్కనే తవ్వారు. గడ్డపారకు పైనంతా రాయే తగిలింది, తవ్వేవాళ్ళు చేతులు మార్చుకుంటూ తవ్వారు. మట్టి వేసేటప్పుడు హుసేన్ వలి అందరికన్నా వెనుక నిలబడ్డాడు. ముందుకు పోతే ఎవరైనా గల్లా పట్టుకుంటారని భయం. పట్టుకుంటే బాగుండునన్న ఆశ అంతకన్నా ఎక్కువ. అక్బర్ తండ్రి పట్టుకున్నాడు కదా, నీ కళ్ళ ముందర నా కొడుకును దిగనిస్తివి అని అందరిలోనూ చెంప మీద కొట్టాడు కదా. ఆ దెబ్బను ఆయన ఇన్నాళ్ళూ మోశాడు, అది ఏదో ఒక రకంగా ఆయనను నిలబెట్టింది.

జయకుమార్ వెనక్కి వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"రా మామా. అన్న లెక్కన నువ్వే ముందు వెయ్యల్ల మట్టి."

"నేను వెయ్యలేను నాయనా," అన్నాడు హుసేన్ వలి. "నేను దించి ఉంటే..."

"మళ్ళ ఒగసారి అడుగుదాం, కాళ్ళన్నా పట్టుకుందాం పామ్మా అని నేనే అంటి," అన్నాడు జయకుమార్. తల్లి సంగతి చెబుతుంటే వాడి గొంతు మామూలుగానే ఉంది, రోజూ ఇంట్లో మాట్లాడుకునే గొంతులాగే. "మాయమ్మే వద్దనె. వలన్నను ఇంగ అడగొద్దురా, ఆయన మొగం చూసినావా, అడిగితే దించుతాడు, దించితే రాత్రిళ్ళు నిద్రపోడు. అక్బర్ పోయినప్పుడే మనిషి సగం అయిపాయ. మన సంతోషానికి ఆయన్ను బాధపెట్టొద్దు, గుంతకు పోదాం అనె."

హుసేన్ వలి మట్టి వేశాడో లేదో ఆయనకు గుర్తు లేదు. వేశాడనే అందరూ చెప్పారు. ఇంటికి పోకుండా నేరుగా గట్టు మీదికి వచ్చేశాడు. మదార్ బీ దూరంగా వెనుకే వచ్చింది, దగ్గరికి రాలేదు. కాలువ నిండుగా పారుతోంది. ఒకరికి సరే అన్నాడు, ఒకరికి కాదన్నాడు, ఇద్దరూ పోయారు. ఇక మూడోవాళ్ళు వచ్చి అడిగితే ఏం చెప్పాలో ఎంత వెతికినా ఆయనకు తోచలేదు. అడిగేవాళ్ళు కూడా ఇక ఉండరు, ఆయన ముఖం చూసి జాలిపడి వేరే ఎక్కడికో పోతారు.

పొద్దు వాలుతుండగా ఏఈ సారు ఫోన్ చేశాడు. గుంత సంగతి ఆయనకు తెలిసింది. పాపం అన్నాడు. అది మన పరిధిలోకి రాదు కదా అని ఒకటికి రెండుసార్లు కనుక్కున్నాడు. రాదు అన్నాడు హుసేన్ వలి. నువ్వు గట్టిగా నిలబడబట్టి బతికిపోయాం వలీ, పైవాళ్ళకు నీ పేరు చెబుతానులే అన్నాడు సారు. తర్వాత, ఎందుకైనా మంచిదని అడిగాడు.

"నిన్న మన మెట్ల దగ్గర ఎవరూ దిగలేదు కదా?"

"లేదు సార్," అన్నాడు హుసేన్ వలి. "మన కాడ ఎవురూ దిగల్యా."

సారు సరే అని పెట్టేశాడు. హుసేన్ వలి అలాగే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఇంకా కొంతసేపు కూర్చున్నాడు, మదార్ బీ వచ్చి దాన్ని ఆయన చేతిలోంచి తీసుకునేదాకా.